రాత్రిపూట ట్యాంకర్ వదిలిన నల్లనీళ్లు: ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. సంగారెడ్డి జిల్లాలో మీ ఊరి చెరువు మత్తడి పక్కన ఒక రాత్రి ట్యాంకర్ వచ్చి నల్లటి ద్రవం వదిలి వెళ్లింది. పక్కనే అయిదారు నీలం డ్రమ్ములు పడేసి ఉన్నాయి. నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది, ఘాటు వాసన వస్తోంది. పంచాయతీ వాళ్లు తమ చేతిలో లేదన్నారు, పోలీసులు పొల్యూషన్ బోర్డుకు పొమ్మన్నారు, బోర్డుకు ఫోన్ చేస్తే రాసి ఇవ్వమన్నారు. దీనికి అసలు బాధ్యులు ఎవరు? అంతర్వేది దగ్గర మీ అత్తగారి ఊళ్లో సముద్రంలోకి ఆయిల్ కారినా ఇదే చట్టమా?

నేను ఇరవై ఏడేళ్లు మందుల ఫ్యాక్టరీల్లో వ్యర్థజలాలు, ప్రమాదకర వ్యర్థాల పని చూశాను. అంటే ఆ ట్యాంకర్ బయల్దేరే గేటుకు లోపలి వైపు ఉన్నవాడిని. చట్టం సంగతికి ముందు ఈ పూట చేయాల్సింది చెప్తాను.

దగ్గరకు వెళ్లి వాసన చూసి అదేమిటో కనుక్కుందామని ఎవరూ ప్రయత్నించవద్దు. ఫ్యాక్టరీల్లో వాడేసిన సాల్వెంట్లు, అంటే ద్రావకాలు, పెట్రోలులాగే అంటుకుంటాయి, అక్కడ బీడీ కూడా వెలిగించకూడదు. పశువులను అటు తోలకండి, మత్తడి కింద పొలాలకు ఆ నీళ్లు పెట్టకండి. మంచి మనసుతోనే కొందరు సున్నం చల్లుతారు, సర్ఫు నీళ్లు పోస్తారు. అదీ వద్దు. ఏది దేనితో కలిస్తే ఏ గ్యాసు పుడుతుందో మనకు తెలియదు. 2022 జనవరి 6న సూరత్‌లోని సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ కెమికల్‌ను కాలువలోకి వదులుతుంటే పుట్టిన విషవాయువు పీల్చి, పక్క మిల్లులో పనిచేస్తున్న కార్మికులు ఆరుగురు చనిపోయారు. ఆ ట్యాంకర్‌తో వాళ్లకు ఏ సంబంధమూ లేదు. మీ దగ్గర ద్రవం ఇంకా పారుతుంటే దానికి కింది వైపున, దూరంగా, మట్టికట్ట వేసి ఆపండి. వాన పడకముందే ఆ కట్ట ఉండాలి. అంతకు మించి చేయి పెట్టవద్దు.

ఇక ఎవరి బాధ్యత అన్నది. మిమ్మల్ని తిప్పి పంపిన వాళ్లలో బోర్డుకు, పోలీసులకు, మీరింకా అడగని ఆర్డీవోకు, ఈ ముగ్గురికీ ఇందులో అధికారం ఉంది.

ప్రమాదకర వ్యర్థాల మీద ప్రధాన అధికారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది, అంటే మీరు ఫోన్ చేసిన పొల్యూషన్ బోర్డుది. ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చేది, వ్యర్థం ఎటు పోయిందో లెక్క చూసేది, మూసివేత ఉత్తర్వు ఇచ్చేది వాళ్లే. అలాగని పోలీసులు పక్కకు తప్పుకోవడానికి లేదు. ప్రజలు వాడే నీటిని పాడుచేయడం భారతీయ న్యాయ సంహిత 279వ సెక్షన్ కింద, విషపదార్థాల విషయంలో నిర్లక్ష్యంగా ప్రవర్తించడం 286వ సెక్షన్ కింద నేరం. ట్యాంకర్‌ను వెతికి పట్టుకోగల బలగం, సీసీ కెమెరాలు పోలీసులకే ఉన్నాయి, పొల్యూషన్ బోర్డుకు లేవు. ప్రజలకు హాని చేసే దాన్ని వెంటనే తొలగించమని ఆదేశించే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకు ఉంది. పాత రోజుల్లో దీన్నే 133 సెక్షన్ అనేవాళ్లం. కాబట్టి ఒకే ఫిర్యాదు మూడు ప్రతులు రాసి ముగ్గురికీ ఒకే రోజు ఇవ్వండి, ప్రతి దానిలోనూ మిగతా ఇద్దరికీ ఇచ్చినట్టు రాయండి. మూడింటి మీదా ముద్ర వేయించుకోండి. ముగ్గురి ముద్రలూ ఒకే తేదీతో ఉంటే, మాకు తెలియదనే మాట తర్వాత ఎవరూ అనలేరు.

ఈ చట్టాలు ఎక్కడి నుంచి వచ్చాయో రెండు మాటల్లో చెప్తాను. 1984 డిసెంబరులో భోపాల్ జరిగింది. దాని తర్వాతే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, ఆ చట్టం కింద 1989లో ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. 2008లో వాటిని తిరగరాశారు, 2016 ఏప్రిల్‌లో మళ్లీ కొత్తవి తెచ్చారు. ఇప్పుడు నడుస్తున్నవి ఈ 2016 నిబంధనలు, మధ్య మధ్య సవరణలతో. చట్టానికి కారణమైన ఆ భోపాల్ ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిన వ్యర్థంలో 337 టన్నులను అక్కడి నుంచి కదిలించింది 2025 జనవరిలో. పీథంపుర్‌లో కాల్చడం పూర్తయింది అదే ఏడాది జూన్ చివరికి. నలభై ఏళ్లు పట్టింది. మీ చెరువు విషయంలో మొదటి వారమే ఎందుకు పట్టుబట్టాలో చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను. ఒకసారి నేలలో దిగిన వ్యర్థాన్ని ఎవరూ త్వరగా తీయరు.

2016 నిబంధనల్లో మీకు పనికొచ్చే మాట ఒకటుంది: ఆక్యుపయర్. వ్యర్థం పుట్టిన ఫ్యాక్టరీని నడిపేవాడు అని అర్థం. వ్యర్థం గేటు దాటాక నాకు సంబంధం లేదు, ట్రాన్స్‌పోర్టు వాడిదే తప్పు అని అతను తప్పించుకోలేడు. సరిగా పారేయకపోవడం వల్ల పర్యావరణానికి గానీ బయటి మనుషులకు గానీ కలిగే నష్టం మొత్తానికి ఆక్యుపయర్ బాధ్యుడని 23వ నిబంధన చెబుతుంది. అంటే డ్రైవర్ దొరికి కేసు అతని మీద పెట్టి వదిలేస్తే అది సగం పనే. పోలీసులు తరచూ అక్కడే ఆగిపోతారు. సరుకు ఎవరిదో తేలేదాకా మీరు అడుగుతూనే ఉండాలి.

అది తేలడానికి చట్టమే ఒక దారి పెట్టింది. దాన్ని మానిఫెస్ట్ అంటారు. ప్రమాదకర వ్యర్థం ఫ్యాక్టరీ గేటు దాటాలంటే పదో నంబరు ఫారం ఏడు ప్రతులు, ఏడు రంగుల్లో రాయాలి. తెల్లది పంపినవాడి నుంచి బోర్డుకు పోతుంది. పసుపుది ట్రాన్స్‌పోర్టర్ సంతకంతో ఫ్యాక్టరీలో ఉంటుంది. గులాబీది అందుకున్న కేంద్రం దగ్గర ఉంటుంది, నారింజది ట్రాన్స్‌పోర్టర్‌కు ఇస్తారు. అందుకున్న కేంద్రం ఆకుపచ్చది బోర్డుకు, నీలంది ఫ్యాక్టరీకి తిరిగి పంపుతుంది. సరుకు వేరే రాష్ట్రం నుంచి వస్తే బూడిద రంగుది ఆ రాష్ట్ర బోర్డుకు పోతుంది. బోర్డులో తెల్లకాగితం ఉండి దానికి జత ఆకుపచ్చ కాగితం రాకపోతే ఆ సరుకు దారిలో ఎక్కడో దిగిందన్నమాట. ఈ ఏర్పాటు చేసినవాళ్లు బాగా ఆలోచించే చేశారని నా అభిప్రాయం. లోపం కాగితంలో లేదు. రెండు రంగులనూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి చాలా చోట్ల లేడు.

అసలు కాగితమే లేకుండా పోయే సరుకు సంగతి వేరు. మీ ఊరికి వచ్చింది బహుశా అదే. అర్ధరాత్రి ట్యాంకర్ ఎందుకు పుడుతుందో లోపలి నుంచి చూశాను కనుక చెప్తున్నాను. ఫ్యాక్టరీ తన ప్రమాదకర వ్యర్థాన్ని మామూలుగా 90 రోజులకు మించి ఆవరణలో ఉంచుకోకూడదు. తర్వాత దుండిగల్ లాంటి శుద్ధి, పూడ్చివేత కేంద్రానికి గానీ, ఇంధనంగా వాడుకునే సిమెంట్ ఫ్యాక్టరీకి గానీ, అనుమతి ఉన్న రీసైక్లర్‌కు గానీ పంపాలి. సరైన కేంద్రంలో పూడ్చాలంటే కింద బంకమట్టి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పొర, కారే రసాన్ని తోడే గొట్టాలు, మూసేశాక కూడా ముప్పై ఏళ్ల పర్యవేక్షణ కావాలి. కాల్చాలంటే రెండో గదిలో 1100 డిగ్రీల వేడి ఉండాలి. వీటన్నిటికీ టన్నుకు ఇంతని డబ్బు కట్టాలి. షెడ్డు నిండుతుంది, గడువు దగ్గర పడుతుంది, పైనుంచి ఖర్చు తగ్గించమని ఒత్తిడి వస్తుంది. అప్పుడు ఒక మధ్యవర్తి వచ్చి నేను తీసుకెళ్తాను, అందులో కొంతే ఇవ్వండి, కాగితాల గొడవ లేదు అంటాడు. ఆ తేడా డబ్బే మీ మత్తడి పక్కన పారుతోంది.

డ్రమ్ముల గురించి వేరుగా చెప్పాలి. ఖాళీ డ్రమ్మే కదా అని ఇంటికి తీసుకెళ్లి నీళ్లు పట్టుకుంటారు. దయచేసి ఎవరినీ ముట్టుకోనివ్వకండి. కెమికల్ అంటిన ఖాళీ డ్రమ్ములు, వాటి లోపలి సంచులు కూడా 2016 నిబంధనల మొదటి షెడ్యూల్లో 33.1 నంబరు కింద ప్రమాదకర వ్యర్థాలే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మేం పనిచేసే చోట ఖాళీ డ్రమ్ములను తుక్కు వ్యాపారికి అమ్మేవాళ్లం. గేటు పాసు మీద సంతకం నాదే. అతను వాటిని ఊరవతల వాగులో కడిగి అమ్ముకునేవాడు. ఒక వేసవిలో ఆ మడుగు నీళ్లు తాగి ఒక ముసలాయన గొర్రెలు పద్నాలుగు చచ్చిపోయాయి. ఆయన మా గేటు దగ్గర రెండు రోజులు కూర్చున్నాడు. గట్టిగా అరవలేదు, ఎవరినీ తిట్టలేదు, లోపలికి పిలుస్తారేమోనని చూశాడు. ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు. ఆ డ్రమ్ముల్లో అడుగున ఏం మిగులుతుందో ఆ గేటు దగ్గర తెలిసినవాణ్ణి నేనొక్కడినే. ఆ తర్వాత కడగని డ్రమ్ము ఒక్కటి కూడా నా సంతకంతో బయటికి పోలేదు, కానీ ఆయన గొర్రెల డబ్బు ఆయనకు రాలేదు. ఇప్పుడు ఈ సమాధానాలు రాస్తూ కూర్చోవడానికి కారణం అదే.

మీ దగ్గర పడిన డ్రమ్ములు మీకు సాక్ష్యం కూడా. చింపేసినా లేబుల్ ముక్క, అచ్చొత్తిన బ్యాచ్ నంబరు, తయారీదారు గుర్తు ఏదో ఒకటి మిగులుతుంది. దూరం నుంచి జూమ్ చేసి ఫొటోలు తీయండి, తేదీ, స్థలం పడే కెమెరా యాప్ వాడండి. బ్యాచ్ నంబరు తెలిస్తే ఆ ముడిసరుకు ఏ ఫ్యాక్టరీకి అమ్మారో తయారీదారు బిల్లుల్లో ఉంటుంది. పోలీసులు ఒక లేఖ రాస్తే చాలు. ట్యాంకర్ వచ్చిన దారిలో పెట్రోలు బంకు, ధాబా, వేబ్రిడ్జి, టోల్‌గేటు ఎక్కడ ఉన్నాయో చూసి ఆ రాత్రి ఫుటేజీ చెరిగిపోకుండా భద్రపరచమని ఫిర్యాదులోనే రాయండి. చాలా కెమెరాల్లో పది, పదిహేను రోజులకు పాతది చెరిగిపోతుంది.

ఇక నమూనా. మీరు సొంతంగా పట్టిన సీసా కోర్టులో నిలవకపోవచ్చు. నీటి కాలుష్య చట్టం 1974లో 21వ సెక్షన్ ప్రకారం బోర్డు అధికారి నోటీసు ఇచ్చి, ఫ్యాక్టరీ మనిషి ఎదుట నమూనా తీసి, రెండు భాగాలు చేసి సీలు వేయాలి. ఈ పద్ధతిలో ఒక్క మెట్టు తప్పినా కేసు వీగిపోతుంది. ఫ్యాక్టరీల తరఫు లాయర్లు మొదట వెతికేది ఇదే. అందుకని అధికారి వచ్చినప్పుడు నమూనా ఏ చోట, ఏ సమయంలో, ఎన్ని సీసాల్లో తీశారో పంచనామా రాయించి ఊరి వాళ్లు ఇద్దరు సంతకం చేయండి. నూనె పరీక్షకు ప్లాస్టిక్ సీసా పనికిరాదు, నూనె గోడలకు అంటుకుపోతుంది. వెడల్పు మూతి గాజు సీసా కావాలి. ప్లాస్టిక్ సీసా తెస్తే అక్కడే అభ్యంతరం రాయించండి. మీ ఊరి బోర్ల నీళ్లను మాత్రం మీరే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో ఇప్పుడే పరీక్ష చేయించుకోండి. ఇవాళ బోరు బాగుందని కాగితం ఉంటేనే, రేపు పాడైందని రుజువు చేయగలరు. వానాకాలం తర్వాత మళ్లీ చేయించాలి.

సమాచార హక్కు కింద ఒక పని చేయవచ్చు. దీని గురించి చాలామందికి తెలియదు. ప్రతి ఫ్యాక్టరీ ఏటా జూన్ 30 లోపు నాలుగో నంబరు ఫారంలో అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఎంత ప్రమాదకర వ్యర్థం పుట్టింది, ఎంత ఎక్కడికి పంపింది అని బోర్డుకు లెక్క ఇవ్వాలి. మీ చుట్టుపక్కల అనుమానం ఉన్న యూనిట్ల ఫారం 4, వాటి అనుమతి పత్రం, తెల్ల, ఆకుపచ్చ మానిఫెస్టుల ప్రతులు అడగండి. అనుమతి పత్రంలో రోజుకు ఇన్ని కిలోల వ్యర్థం పుడుతుందని రాసి ఉంటుంది. దాన్ని పనిరోజులతో గుణించి, పంపిన లెక్కతో పోల్చండి. ఫ్యాక్టరీ నిండా ఉత్పత్తి చేస్తూ వ్యర్థం మాత్రం సగమే చూపిస్తే మిగతా సగం ఎక్కడికి పోయిందో వాళ్లు చెప్పాలి. ఇది ఎనిమిదో తరగతి లెక్క. కానీ పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు పెట్టినప్పుడు దీనికి జవాబు చెప్పలేక తడబడ్డ కంపెనీలను చూశాను.

ట్రిబ్యునల్ గురించి. మీది దక్షిణ బెంచి, చెన్నైలో ఉంది. పరిహారం కోసం అయిదేళ్లలోపు, మిగతా పర్యావరణ వివాదాలకు ఆరు నెలల్లోపు వెళ్లాలి. రెండింటికీ సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. ఆరు నెలలు ఎంత త్వరగా గడుస్తాయో ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లకు తెలుసు, కాబట్టి తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి. పరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలు. పరిహారం అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలనే సూత్రాన్ని ట్రిబ్యునల్ చట్టంలోనే రాశారు.

ఆ సూత్రం మన దేశంలో గట్టిపడింది రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిచ్ఛ్రీ అనే ఊరి కేసుతో. అక్కడ హెచ్ యాసిడ్ అనే రసాయనం తయారు చేసిన ఫ్యాక్టరీల బురద నేలలోకి ఇంకి బావుల నీళ్ల రంగే మారిపోయింది. సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చి, శుద్ధి ఖర్చంతా కంపెనీలదే అంది. 37.385 కోట్ల రూపాయలు కట్టమన్నారు. కంపెనీ పిటిషన్ల మీద పిటిషన్లు వేస్తూ పోయింది. 2011లో కోర్టు విసిగి, చక్రవడ్డీతో కట్టమని చెప్పింది. తీర్పు గొప్పదే, కానీ ఆ బావులు తవ్వుకున్న రైతులకు మధ్యలో పదిహేనేళ్లు గడిచాయి.

మన దగ్గరే పుట్టిన తీర్పు ఇంకొకటి మీకు ఎక్కువ పనికొస్తుంది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ ఎగువన ఆముదం నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ పెట్టబోతే కాలుష్య మండలి అడ్డుకుంది. ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా పేరుపడ్డ ఆ వివాదంలో 1999 జనవరిలో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. హాని జరగదని రుజువు చేయాల్సిన భారం ఫ్యాక్టరీ పెట్టేవాడిదే, హాని జరుగుతుందని ప్రజలు రుజువు చేయనక్కర్లేదు. మా నుంచి కాదు అని ఫ్యాక్టరీ అంటే, మరి మీ వ్యర్థం ఎక్కడికి పోయిందో కాగితం చూపించండి అని అడిగే ధైర్యం మీకు ఈ తీర్పు నుంచి వస్తుంది.

శిక్షల విషయంలో ఈమధ్య ఒక పెద్ద మార్పు వచ్చింది. 1986 చట్టం కింద అయిదేళ్ల దాకా జైలు ఉండేది. జన్ విశ్వాస్ చట్టం తెచ్చిన సవరణతో 2024 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా వచ్చింది. జైలు భయం తీసేయడం నాకు నచ్చలేదు. కేసులు కోర్టుల్లో ఏళ్ల తరబడి నానుతున్నాయి కాబట్టి జరిమానా అయితే త్వరగా తేలుతుందని ప్రభుత్వం చెప్పిన కారణంలో కొంత నిజం లేకపోలేదు. కానీ ట్యాంకర్లు వరుసగా పంపితే మిగిలే డబ్బు ముందు 15 లక్షలు ఎంత? మరోవైపు 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు, కాలుష్య మండళ్లు నేరుగా నష్టపరిహారం విధించవచ్చని చెప్పింది. అందుకు తగిన నిబంధనలు ఉండాలని కూడా అంది. అదే ఏడాది జూలైలో కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి తయారు చేయాలి. ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇచ్చే అర్జీలో, మా మత్తడి పక్క స్థలాన్ని ఆ జాబితాలో చేర్చండి అనే వాక్యం తప్పకుండా రాయండి. జాబితాలో పేరు ఎక్కితే బోర్డు ఆ స్థలాన్ని పరీక్షించి తీరాలి.

పటాన్‌చెరు వైపు వాళ్లకు ఇదంతా పాత కథ. నక్కవాగు నీళ్లు పొలాలకు పనికిరాకుండా పోయి, 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు అది. డాక్టర్ కిషన్ రావు గారు రోగుల ఇబ్బందులు చూసి ఊరూరా తిరిగి లెక్కలు రాయబట్టి ఆ పోరాటం నిలబడింది. మీ ఊళ్లోనూ ఒక నోటుపుస్తకం మొదలుపెట్టండి. ఏ రోజు ఏ వాసన, ఏ పశువుకు ఏమైంది, ఎవరికి దద్దుర్లు వచ్చాయి, ఏ బోరు రంగు మారింది. తేదీలతో చేతిరాతలో ఉన్న పుస్తకానికి విలువ ఉంటుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. సముద్రంలో ఆయిల్ కారితే దారి వేరు. కలుషిత స్థలాల నిబంధనలు కూడా సముద్రపు చమురును తమ పరిధిలోంచి తీసేశాయి. సముద్రంలో ముందుండేది కోస్ట్ గార్డ్. 1996 నుంచి జాతీయ చమురు తెట్టు విపత్తు ప్రణాళిక నడుస్తోంది. దాని ప్రకారం ఓడరేవు హద్దుల్లో రేవు యాజమాన్యం, సముద్రంలో చమురు తవ్వే వేదికల చుట్టూ 500 మీటర్ల దాకా ఆ కంపెనీ, మిగతా సముద్రంలో కోస్ట్ గార్డ్, ఒడ్డుకు చేరిన దాన్ని తీసేది రాష్ట్ర ప్రభుత్వం, అంటే ఆచరణలో కలెక్టర్. 700 టన్నుల దాకా మొదటి స్థాయి, 10 వేల టన్నుల దాకా రెండోది, ఆ పైన మూడోది. కాలుష్య నియంత్రణ ఓడ సముద్ర పహరేదార్ విశాఖలోనే ఉంటుంది. తీరంలో తెట్టు కనిపిస్తే కోస్ట్ గార్డ్ నంబరు 1554కు, వెంటనే కలెక్టర్ ఆఫీసుకు చెప్పాలి.

ఆయిల్ విషయంలో మొదటి రోజు ఎంత ముఖ్యమో ఎన్నూరులో చూశాం. 2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై దగ్గర కామరాజర్ రేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. మొదట పెద్దగా ఏమీ కారలేదన్నారు. తర్వాత లెక్క దాదాపు 200 టన్నులకు చేరింది. కారింది చిక్కటి ఫర్నేస్ ఆయిల్, తారులా ఉంటుంది. యంత్రాలు లాగలేకపోతే జనం బకెట్లతో ఎత్తి పోశారు. సరైన చేతి తొడుగులు, మాస్కులు లేకుండా ఎత్తిన వాళ్లున్నారు. ప్రణాళిక కాగితం మీద అప్పటికి ఇరవై ఏళ్లుగా ఉంది. అయినా మొదట చెప్పిన అంకె చిన్నదైతే, వచ్చే మనుషులు, పడవలు, తెట్టును చుట్టే బూమ్‌లు అన్నీ దానికి తగ్గట్టు చిన్నవే వస్తాయి. అదే ఎన్నూరులో 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను వరదలో మనాలి రిఫైనరీ వైపు నుంచి నూనె బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కడి నుంచి కొసస్తలైయార్ నదిలోకి, క్రీక్ అనే సముద్రపు పాయలోకి చేరింది. మళ్లీ అదే మత్స్యకారుల వలలు నల్లబడ్డాయి.

పరిహారం ఎవరిస్తారన్నది ఆయిల్ ఎక్కడి నుంచి కారిందన్న దాన్ని బట్టి ఉంటుంది. చమురు మోసే ట్యాంకర్ ఓడ అయితే ఒక అంతర్జాతీయ ఒప్పందం, దాని పైన ఒక నిధి ఉన్నాయి. మామూలు సరుకు ఓడ తన ఇంజను కోసం పెట్టుకున్న ఆయిల్ కారితే వేరే ఒప్పందం, అందులో ఓడ యజమాని బీమా కట్టాలి. రెండింటిలోనూ యజమాని తప్పు రుజువు చేయనక్కర్లేదు, కానీ మీ నష్టం రుజువు చేయాలి. మన మత్స్యకారులు ఓడిపోయేది ఇక్కడే. వేటకు ఎన్ని రోజులు పోలేదో, రోజుకు ఎంత చేప అమ్మేవాళ్లో కాగితం ఉండదు. మీ అత్తగారి ఊళ్లో వాళ్లకు ఇప్పుడే చెప్పండి: పడవ రిజిస్ట్రేషన్, డీజిల్ సబ్సిడీ రశీదులు, చేపలు కొనే షావుకారు ఇచ్చే చీటీలు పారేయకుండా ఒక సంచిలో పెట్టుకోమనండి. 2025 మే 25న కొచ్చి దగ్గర మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3 ఓడలో 84.44 టన్నుల డీజిల్, 367.1 టన్నుల ఫర్నేస్ ఆయిల్ ఉన్నాయి. దాని మీద కేరళ ప్రభుత్వం హైకోర్టులో 9,531 కోట్ల దావా వేసింది. అలాంటి దావాలో ఒక్కో కుటుంబం వాటా ఇలాంటి చీటీల మీదే తేలుతుంది.

కోనసీమలో సముద్రం కంటే నేల కింది పైపులైన్ల భయమే ఎక్కువ. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాసు అదుపు తప్పి ఎగజిమ్మి, 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పగిలి ఇరవై మందికి పైగా కాలిపోయి చనిపోయారు. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపడం వల్ల లోపల తుప్పు తినేసిందని తేలింది. పైపు వెళ్లే పొలం రైతుదే, కంపెనీకి 1962 చట్టం కింద వాడుకునే హక్కు మాత్రమే ఉంటుంది. పొలంలో గ్యాసు వాసన గానీ, మడిలో నూనె మెరుపు గానీ కనిపిస్తే పైపు గుర్తు రాయి మీద రాసిన నంబరుకు ఫోన్ చేసి, ఫోన్ చేసిన సమయం మెసేజ్ రూపంలో కూడా పంపండి. చెప్పాం, పట్టించుకోలేదు అనే మాటకు ఆ మెసేజ్ ఒక్కటే సాక్ష్యం. ఆయిల్ పడిన మట్టిని కంపెనీ వాళ్లు లారీలో ఎత్తుకుపోతుంటే దానికీ మానిఫెస్ట్ అడగండి. బావి తవ్వినప్పుడు వచ్చే నూనె బురద, నూనె కలిసిన డ్రిల్లింగ్ మడ్డి కూడా మొదటి షెడ్యూల్లో ఉన్నవే, రోడ్డు పక్క గుంతలో పూడ్చడానికి లేదు.

మీ విషయానికి వస్తే, సోమవారం ప్రజావాణికి ముందే మూడు ఫిర్యాదులూ ఇచ్చేయండి. తెలిసినంత వరకు ట్యాంకర్ నంబరు, రంగు, వచ్చిన సమయం, చూసినవాళ్ల పేర్లు రాయండి. నాలుగంకెల్లో రెండే కనిపించినా ఆ రెండే రాయండి. బోర్డు వాళ్లు ఎంత వ్యర్థమని రాస్తున్నారో అక్కడే నిలబడి చూడండి. గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి పంచనామాలో పెట్టించండి, కొద్దిగా అనే మాట ఒప్పుకోవద్దు. బోరు నీళ్ల రిపోర్టు వచ్చాక పీహెచ్, సీవోడీ, టీడీఎస్, ఫినాల్, ఆయిల్ అండ్ గ్రీజ్ అంకెలు ఇక్కడ పెట్టండి, డ్రమ్ముల ఫొటోలు కూడా. అది ఏ రకం ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఉంటుందో చాలావరకు అంచనా వేసి చెప్పగలను, ఆర్టీఐలో ఏ కాగితాలు అడగాలో అప్పుడు ఇంకా కచ్చితంగా రాద్దాం.